సేటు వేలు లేపేదాక

నాకు కోపం జల్ది వస్తది, ముందుగాలనే చెప్తున్న. అందరి కోపం ముక్కు మీదుంటే నా బిడ్డది ముక్కు కొసకుంటది, తుమ్మితే రాలుతది అని మా అమ్మ అనేది. ఇప్పుడు జర తగ్గింది గని తొంభై ఎనిమిదిల మాత్రం మస్తుండె. సిద్దిపేటల పాత బస్టాండు కాడ మేడ మీద ఒక కంప్యూటర్ సెంటర్ ఉండె. పొద్దుగాల పిల్లలకు పాఠం చెప్పుడు, పగటిపూట దుకాణాలకు బిల్లుల ప్రోగ్రాంలు రాసుడు, గది నా పని. ఆడిపిల్ల ప్రోగ్రాం రాస్తదంటే ఎవలు నమ్మకపోదురు. టైపు కొట్టే సులోచన అనేటోళ్లు. అట్లన్నోళ్లకు నేను మంచినీళ్లు గూడ ఇయ్యకపోయేదాన్ని.

ఆ యేడు దసరా ముందట హరికిషన్ అన్న మా మెట్లెక్కి వచ్చిండు. బట్టల బజార్ల కాశీనాథం సేటు కొడుకు. ఆ దుకాణం తెల్వనోళ్లు మా దిక్కు ఎవలు లేరు. చిన్నకోడూరోళ్లయినా, నారాయణరావుపేటోళ్లయినా, పెండ్లి బట్టలకైనా, రైక ముక్కకైనా బస్సు దిగి సక్కగ ఆడికే పోతరు. ఎండకాలంల కాశీనాథం సేటుకు పక్షవాతం వచ్చింది. హైదరాబాద్ దవాఖానల చాన దినాలు పెట్టి తీస్కొచ్చిన్రు. పాణం దక్కింది గని కుడి చెయ్యి పడిపోయింది, కుడి కాలు ఈడ్సుకుంట నడుస్తడు. మాట సుత పోయింది. ఊ అంటడు, ఆ అంటడు, అంతే. ఎడమ పక్కంత మంచిగనే ఉంది.

హరికిషన్ అన్న నన్ను అడిగింది ఇది. బాపు దుకాణంకు రాకుంటే ఇంట్ల అన్నం ముడుతలేడు. గల్లా మీద కూసుండాలె, గని బిల్లు రాయ చెయ్యి లేదు, ధర చెప్ప నోరు లేదు. ఎడమ చేత్తోటి అంకెలు నొక్కితే బిల్లు వచ్చేటట్టు ఒక ప్రోగ్రాం రాయాలె, మౌస్ పట్టుడు ఉండొద్దు, అంత కీబోర్డు మీదనే కావాలె. తండ్రి కోసం ఇంత ఆలోచన చేసే కొడుకు ఉన్నడా అని నాకు మస్తు సంబురమైంది. చేస్త అన్నా, నువ్వు పో అని చెప్పిన.

గల్లా అంటే ఏందో చెప్పాలె మీకు. పైసల పెట్టె ముందట ఒక పరుపు, ఒక దిండు, అంతే చూసెటోళ్లకు. వ్యాపారం చేసే ఇండ్లల్ల మాత్రం అది దుకాణం ఎవలదో చెప్పే జాగ. అండ్ల కూసున్నాయన సేటు. పక్కన నిలవడ్డాయన సేటు కొడుకు. నలభై యేండ్లు పైబడ్డా హరికిషన్ అన్న ఇంక చిన్నసేటే. కాశీనాథం సేటు ఆ పరుపు మీదికెళ్లి లేస్తే ఇగ ఆయన ఎవలకు ఏమీ గాడు, ఇంట్ల మంచం మీద ఒక రోగి. గది ఆయనకు తెలుసు, ఇంటోళ్లకు తెలుసు, కొన్ని దినాలకు నాకు సుత తెలిసింది.

నేను రాసిన ప్రోగ్రాం గిట్లుండె. తెర మీద ఒక పెద్ద విండో, అది దుకాణమనుకోన్రి. గిరాకీ వచ్చినప్పుడల్ల దాని లోపల ఒక చిన్న విండో తెరుసుకుంటది, అది ఆ గిరాకీ బిల్లు. పెద్దదాన్ని మేం తల్లి అంటం, లోపలిదాన్ని పిల్ల అంటం. బట్ట నంబరు కొట్టాలె, ఎన్ని మీటర్లో కొట్టాలె, ఎంటర్ కొడితే బిల్లు అచ్చయి బయటికొస్తది, వచ్చే గిరాకీ కోసం కొత్త పిల్ల విండో తెరుసుకుంటది. ముందట ఏ పిల్ల ఉంటే నొక్కిన కీ దానికే పోతది, వెనుకున్న తల్లికి ఆ ముచ్చటే తెల్వదు. రాసినంక సెంటర్ల నేనే పదిసార్లు కొట్టి చూసిన. గడియారం లెక్క నడిచింది.

దుకాణంల పెట్టిన దినం పెద్ద హడావిడి చేసిన్రు. కాశీనాథం సేటు భార్య విమలమ్మ వచ్చి కంప్యూటర్‌కు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టింది. కొబ్బరినీళ్లు ఏడ కీబోర్డు మీద పడతయో అని నా పాణం నా తాన లేదు. పెద్దసేటు తెల్ల ధోతి కట్టుకొని, పడిపోయిన చెయ్యిని ఎడమ చేత్తోటి ఎత్తి ఒళ్లె పెట్టుకొని, గల్లా మీద కూసున్నడు. పాత గుమాస్తా బాలనర్సయ్య లుంగీ బట్ట నాలుగు మీటర్లు కొలిచి, నాలుగు సేటూ అని ఒర్రిండు. పెద్దసేటు నాలుగు నొక్కిండు.

తెర మీద నాలుగు పడ్డది, పక్కన ఇంకో నాలుగు, దాని పక్కన ఇంకోటి, అంకెలు పడే డబ్బా నిండేదాక నాలుగులే. నేను ఉరికి చెరిపేసి సరిగ్గ కొట్టి ఇచ్చిన. పెద్దసేటు ఎంటర్ నొక్కిండు. పిల్ల విండో తెరుసుకుంది, దాని మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి. ప్రింటర్ కర్రు కర్రుమనుకుంట ఖాళీ బిల్లులు కక్కుతనే ఉంది. లుంగీ కొన్నాయన ఆ కాగితాలు చేతుల పట్టుకొని, నేను కొన్నది రెండు లుంగీలే సేటూ, మా వాడకంతటికి కొన్నట్టున్నది గదా అన్నడు. దుకాణంల ఉన్నోళ్లందరు నవ్విన్రు. పెద్దసేటు మొకం దించుకున్నడు.

ఎందుకైతుందో నాకు ఎరికే. కీ నొక్కినప్పుడు మిషన్‌కు ఒక కబురు పోతది, లేపినప్పుడు ఇంకో కబురు పోతది. నొక్కి అట్లనే పట్టుకుంటే మాత్రం, మళ్ల నొక్కిన్రు, మళ్ల నొక్కిన్రు అని కబురు మీద కబురు పోతనే ఉంటది. ఎంటర్ పట్టుకుంటే ఇంక ఆగమాగం. మొదటి కబురుకు కొత్త పిల్ల ముందటికొస్తది, రెండో కబురు ఆ పిల్ల చెవుల పడ్డదో లేదో అది ఇంకో పిల్లను పిలుస్తది. అంటే పెద్దసేటు వేలు కీ మీదికెళ్లి జల్ది లేస్తలేదు. పక్షవాతం మనిషి, వేలు మొద్దుబారి ఉంటది, ఇండ్ల ఏముంది అనుకున్న. అందరు అట్లనే అనుకున్నరు.

ఆడరాక మద్దెల మీద పెట్టినట్టు ముందు కీబోర్డునే తిట్టి కొత్తది తెచ్చి పెట్టిన. అదే కథ. తర్వాత విండోస్‌ల కీ తిరిగి తిరిగి పడే వేగం అంత తగ్గించిన. పెద్దసేటు అంతకన్న ఎక్కువసేపు పట్టుకుంటుండె. ఇగ నాకు కోపమొచ్చి, ఒకే అంకె వెంట వెంట వస్తే ఒక్కటే లెక్క పట్టాలె అని రాసిన. రెండు దినాలు బాగనే నడిచింది. మూడో దినం ఒక బడి పంతులు పిల్లల డ్రెస్సులకు ఇరవై రెండు మీటర్ల బట్ట కొంటే బిల్లు మీద రెండు మీటర్లే వచ్చింది. పంతులు మంచోడు కాబట్టి తిరిగొచ్చి చెప్పిండు. గోరుచుట్టు మీద రోకటి పోటంటే గదే. ఆ రాతంత తీసేసిన.

ఆ పొద్దు హరికిషన్ అన్న నన్ను పక్కకు పిలువలే. గల్లా ముందటనే నిలవడి, బాపు వింటుండంగనే చెప్పిండు. డాక్టర్ అప్పుడే అన్నడట, మెదడుకు దెబ్బ తాకింది, ఏది తెలుస్తదో ఏది తెల్వదో చెప్పలేం అని. అంకె చెప్తే అంకె కొట్ట తెలుస్తలేదు, ఇగ లాభం లేదు. దీపావళికి లక్ష్మీపూజ అయినంక కరీంనగర్ నుంచి బామ్మర్దిని పిలిపించి గల్లా మీద కూసుండబెడ్త, బాపును ఇంట్లనే నిమ్మలంగ ఉంచుతం అన్నడు. పెద్దసేటు ఎదురుంగ అరల్ల ఉన్న బట్టల తాన్లను చూసుకుంట కూసున్నడు. ఆయన పెదవి ఒక పక్క అదురుతుండె. నాకు ఇగ ఆగలేదు.

"అన్నా, ఆయనకు మాట పోయింది గని చెవులు పోలే" అన్న.

హరికిషన్ అన్న మొకం నల్లగైంది. బయటికి రా చెల్లె అని నన్ను అరుగు మీదికి తీస్కపోయిండు. నన్ను తిడతడేమో అనుకున్న, తిడితే నేను సుత రెండు మాటలు అంటిద్దామని తయారుగున్న. తిట్టలే. రోడ్డు దిక్కు చూసుకుంట చెప్పిండు.

"బాపును చూస్తే ఈ బజార్ల అందరు లేచి నిలవడేటోళ్లు. గిప్పుడు నవ్వుతున్నరు. నేను పక్కన నిలవడి చూడాలె. ఇంట్లుంటే కనీసం ఎవలు నవ్వరు గదా చెల్లె."

అన్న మీద పెంచుకున్న కోపమంత ఏడికి పోయిందో తెల్వదు. తండ్రిని దించాలని గాదు, తండ్రి ఇజ్జత్ కాపాడాలనే ఆయన గోస. గని కాపాడుతున్ననుకుంట చేసే పని ఆ మనిషిని బతికుండంగనే తీసి పక్కన పెట్టుడు. గది ఎట్ల చెప్పాలో నాకు తెల్వలే. దీపావళి దాక టైం ఇయ్యి అని మాత్రం అడిగిన. తల ఊపి లోపలికి పోయిండు.

మరుసటి దినం విమలమ్మ సెంటర్‌కొచ్చింది. మెట్లెక్కి ఆయాసపడుకుంట కూసొని, డబ్బాల సకినాలు తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. మా ఆయనకు మతి పోలేదు బిడ్డా అని మొదలుపెట్టింది. కూరల ఉప్పు తక్కువైతే గిన్నె నూకుతడట. మనుమరాలు లెక్కలు తప్పు చేస్తే పలక మీద ఎడమ చేత్తోటి గీకి చూపెడతడట. మతి లేనోడు గివన్ని చేస్తడా అని అడిగింది. మరి అంకె నొక్కి ఎందుకు ఇడుస్తలేడో నీకు తెలుసా అమ్మా అంటే, గదే తెల్వది బిడ్డా, అడిగితే ఊ అంటడు అని కండ్లు తుడుసుకుంది. నాకూ ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపమొస్తది, సకినం తీసి కరకర నమిలిన.

ఇగ ప్రోగ్రాం రాసుడు బంద్ చేసి, పోయి దుకాణంల ఒక మూలకు కూసున్న. కంప్యూటర్ చూడలే. ఆయన్నే చూసుకుంట కూసున్న. పొద్దుగాల గిరాకీ తక్కువుండె. బాలనర్సయ్య కొలుస్తుండు, ఒర్రుతుండు, పెద్దసేటు నొక్కుతుండు, హరికిషన్ అన్న పక్కన నిలవడి తప్పులు చెరుపుతుండు. చూడంగ చూడంగ నాకు ఒకటి కొట్టొచ్చినట్టు కనపడ్డది. పన్నెండు మీటర్లు కొడితే తెర మీద ఒకటి ఒక్కటే పడ్డది, వెనుక రెండ్లు వరుసగ పడ్డయి. బట్ట నంబరు కొట్టేటప్పుడు ఒక్క అంకె గూడ ఎక్కువ పడలే. వేలు మొద్దుబారితే అన్ని అంకెల మీద మొద్దుబారాలె గదా. మీటర్ల కాడ, అదీ చివరి అంకె మీదనే ఎందుకు ఆగుతది? జర ముందటికి జరిగి కూసున్న.

అప్పుడే చిన్నకోడూరు లక్ష్మమ్మ వచ్చింది. యాభై దాటిన ఆమె, నోట్ల పాన్, చెంగు నడుముకు చెక్కుకొని. లంగ బట్ట కావాలె అన్నది. బాలనర్సయ్య మూడు మీటర్లు కొలిచి ఒర్రిండు. పెద్దసేటు మూడు నొక్కిండు. లక్ష్మమ్మ ఆయన దిక్కు చూస్తలేదు. కొత్తగ వచ్చిన మిషన్ దిక్కు, దాని తెర మీద ఉరుకుతున్న మూడుల దిక్కు నోరు తెరిచి చూస్తుంది. పెద్దసేటు తెర చూస్తలేడు. కీబోర్డు చూస్తలేడు. లక్ష్మమ్మ మొకాన్నే చూస్తుండు, వేలు మాత్రం కీ మీద ఒత్తి పట్టుకొని. ఆమె ఎంతకూ ఇటు చూడకపాయె. ఆయన గొంతుల ఊ అన్నడు, అడుగుతున్నట్టు. లక్ష్మమ్మ తిరిగి చూసి, ఊ సేటూ, మూడు సాలు అన్నది. పెద్దసేటు వేలు లేపిండు.

నేను లేచి నిలవడ్డ. అవ్వా, సేటు ఎప్పుడూ గిట్లనే చేస్తడా అని లక్ష్మమ్మను అడిగిన. ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"నేను పెండ్లయి వచ్చినకాడికెళ్లి చూస్తున్న బిడ్డా. మీటరు కట్టె మీద బట్ట పెట్టి, ఏడిదాక కావాలెనో ఆడ బొటనేలు ఒత్తి పడతడు. మనం చూసి ఊ అనేదాక ఏలు తియ్యడు. ఊ అన్నంకనే కత్తెర పెడతడు. తెగినంక బట్ట మళ్ల అతుకుతదా?"

బాలనర్సయ్య అవును అవును అని తల ఊపిండు. గాయనకు తెలుసు, రోజూ కండ్ల ముందట చూసిందే. గని బట్ట మీది వేలికి, కీబోర్డు మీది వేలికి సంబంధం ఉంటదని ఎవలకు తోస్తది చెప్పున్రి. ఆ దుకాణంల అది పద్ధతి. ఇంకో దుకాణంల కొలిచి చర్రున చింపుతరు, ఎక్కువ తక్కువైతే గిరాకీ నసీబు. కాశీనాథం సేటు అట్ల చెయ్యలే. కత్తెర పట్టుకునే చెయ్యి పోయినంక ఆయన చేతుల మిగిలింది గా కీ ఒక్కటే. దాని మీదనే వేలు పెట్టి గిరాకీ ఒప్పుకునేదాక ఆగుతుండు. ఎంటర్ మీద సుత గంతే, బట్ట మడిచి గిరాకీ చేతుల పెట్టేదాక ఇడువడు. మొద్దుబారింది ఆయన వేలు గాదు, మా అందరి బుర్రలు. నేను పెద్దసేటు దిక్కు చూసిన. ఆయన నా దిక్కు చూసి, ఊ అన్నడు. ఇన్ని దినాల సంది ఆయన అదే చెప్తుండె కావచ్చు.

హరికిషన్ అన్న అప్పుడు బ్యాంకుకు పోయిండు. వచ్చినంక చెప్దామనుకొని, మళ్ల వద్దనుకున్న. చెప్పుడు చాన అయింది, చూపెట్టాలె. ఆ వారంల దుకాణం బందుండే దినం పొద్దుగాల్నే సెంటర్‌ల కూసున్న. కరెంటు వచ్చుకుంట పోవుకుంట సతాయించింది గని రాత మాత్రం పెద్దది గాదు. పిల్ల విండోల అంకెలు పడే చిన్న చిన్న డబ్బాలుంటయి, మామూలుగ కీ కబురు సీదా వాటికే పోతది. నేను ఆ దారి మూసిన. కీ నొక్కితే డబ్బా కంటే ముందు విండోకు తెలియాలె, విండో చెప్పినంకనే డబ్బాల అంకె పడాలె. నొక్కిన కబురు వస్తే అంకె ఎర్రగ కనపడాలె, ఒక్కటే, ఎంతసేపు పట్టుకున్నా ఒక్కటే. వేలు లేపిన కబురు వచ్చినంకనే అది నల్లగయి పక్కా కావాలె. ఎంటర్ కాడ సుత అంతే. వేలు లేస్తేనే బిల్లు, వేలు లేస్తేనే కొత్త పిల్ల. అంకెలను పెద్దగ చేసి, తెరను గిరాకీలకు సుత కనపడేటట్టు జర పక్కకు తిప్పాలె అనుకున్న. ప్రోగ్రాంలు రాసెటోళ్లందరు కీ నొక్కుడు కాడనే పని మొదలుపెడతరు. ఆయన పని వేలు లేపే కాడ మొదలైతది, అంతే తేడా.

తెల్లారి దుకాణం తెరవంగనే పోయి కొత్త ప్రోగ్రాం ఎక్కించిన. పెద్దసేటు వచ్చి కూసున్నడు. హరికిషన్ అన్నకు చెప్పిన, ఇయ్యాల నువ్వు గల్లా పక్కన నిలవడొద్దు, ముందట గిరాకీలు నిలవడే కాడికి పో, ఒక చొక్క బట్ట కొను అని. ఇదేం ఆట చెల్లె, పొద్దుగాల పొద్దుగాల అన్నడు. నాకు పని ఉంది, జల్ది కొను అన్న. ఆయన గుణుక్కుంట ముందటికొచ్చి, చేతికందిన తానొకటి లాగి బల్ల మీద ఏసిండు. దాని దిక్కు చూడను గూడ చూడలే, ఆయన కండ్లన్ని బాపు చెయ్యి మీదనే ఉన్నయి. ఎప్పుడు తనకు పట్టేంతనే చెప్పిండు, రెండు మీటర్లు అని. బాలనర్సయ్య బట్ట ఇప్పుతుండె.

పెద్దసేటు బల్ల మీది బట్ట తాను దిక్కు చూసిండు. కొడుకు దిక్కు చూసిండు. రెండు నొక్కిండు, లేపిండు. చుక్క నొక్కిండు, లేపిండు. తర్వాత అయిదు నొక్కి పట్టుకున్నడు.

తెర మీద రెండు నల్లగ, పక్కన అయిదు ఎర్రగ. రెండున్నర. అంకెలు ఉరుకుతలెవ్వు, నా ప్రోగ్రాం మంచిగనే ఉంది. గని నా పాణం పోయినంత పనైంది. కొడుకు రెండంటే తండ్రి రెండున్నర కొట్టిండు, అదీ గీ దినం. హరికిషన్ అన్న నా దిక్కు తిరిగిండు. ఆయన మొకంల కోపం లేదు, దుక్కమే ఉంది. చూసినవా చెల్లె, నేను ముందే చెప్పలేదా అన్నట్టు ఉండె ఆ చూపు. మళ్ల తండ్రి దిక్కు తిరిగి, చిన్న పిల్లగానికి చెప్పినట్టు నెమ్మదిగ చెప్పిండు, రెండు బాపూ, రెండు సాలు అని.

పెద్దసేటు వేలు లేపలే. కొడుకు మొకాన్ని చూస్తుండు. గొంతుల ఊ అన్నడు. కొడుకు మళ్ల రెండు అన్నడు. పెద్దసేటు వేలు కీ మీదనే ఉంది. వేలు ఒత్తి ఒత్తి గోరు తెల్లగైంది. ఆయన కండ్లు కొడుకు మొకం మీదికెళ్లి కిందికి దిగి బల్ల మీది బట్ట మీద ఆగినయి, మళ్ల మీదికొచ్చినయి. నేను ఏందో అనబోయిన. బాలనర్సయ్య నా మోచెయ్యి పట్టుకొని ఆపిండు.

అప్పుడు హరికిషన్ అన్న వంగి బట్టను చూసిండు. మొదటిసారి చూసుడు గదే. రెండు చేతులతోటి అంచు నుంచి అంచుదాక సాపిండు. రెండు చేతుల నడుమ జాగ తక్కువే వచ్చింది. చిన్న పన్న బట్ట అది, వెడల్పు లేనిది. ఆయన రోజూ తీసుకునేది పెద్ద పన్న, రెండు మీటర్లు సాలుతది. చిన్న పన్నల రెండు మీటర్లు తెంపితే ఆయనకు పొడుగు చేతుల చొక్క కాదు. ఇంకో అర మీటరు పడతది. బట్టల దుకాణంల పుట్టి పెరిగినోడు, ఎవల కన్నన్న ముందు ఆయనకే తెలియాలె. బాపు చెయ్యి మీదనే కండ్లు పెట్టి చేతిలున్న బట్టను చూసుడే మరిచిండు.

బజార్ల ఆటో ఒకటి హారన్ కొట్టుకుంట పోయింది. హరికిషన్ అన్న ఆ బట్ట అంచులు అట్లనే పట్టుకొని తల వంచుకొని నిలవడ్డడు. ఆయన భుజాలు ఊగుతున్నయి. పెద్దసేటు ఆగిండు. తొందర పెట్టలే. గిరాకీ ఒప్పుకునేదాక ఆగుడు ఆయనకు కొత్త గాదు.

చాన సేపటికి హరికిషన్ అన్న తల ఎత్తిండు.

"ఊ బాపూ. నువ్వు చెప్పినంతనే."

పెద్దసేటు వేలు లేపిండు. అయిదు నల్లగైంది.

బాలనర్సయ్య రెండున్నర కొలిచి కత్తెర పెట్టిండు. పెద్దసేటు ఎంటర్ నొక్కి, బట్ట మడిచి కొడుకు చేతుల పెట్టేదాక పట్టుకొని, అప్పుడు ఇడిసిండు. ఒక్కటే బిల్లు వచ్చింది. వచ్చే గిరాకీ కోసం ఒక్కటే పిల్ల విండో తెరుసుకుంది. నేను గోడ దిక్కు తిరిగి ముక్కు చీదుకున్న. నాకు ఏడుపొస్తే కోపం రావాలె, ఆ దినం మాత్రం రాలే.

హరికిషన్ అన్న ఆ బట్టను ఛాతికి ఒత్తుకొని గిరాకీల దిక్కే నిలవడ్డడు, గల్లా పక్కకు పోలే. కరీంనగర్‌కు ఫోన్ చేసి బామ్మర్దిని రావద్దని చెప్పు, దీపావళికి బాపు కూసుంటడు అని బాలనర్సయ్యకు చెప్పిండు. అప్పటికే గడప కాడ ఒక ముసలాయన కోడలిని తోలుకొని వచ్చి చెప్పులు ఇడుస్తుండు. హరికిషన్ అన్న పక్కకు జరిగి వాళ్లకు జాగ ఇచ్చిండు. పెద్దసేటు ఎడమ చెయ్యిని కీబోర్డు మీదికి తెచ్చుకొని వాళ్ల మొకాల దిక్కు చూసిండు.